విమానం పోయేదాకా

సమాధుల తోటలో పాస్టర్ గారు ప్రార్థన ముగించి, "టీచర్ గారి గురించి ఎవరైనా రెండు మాటలు చెప్తారా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే ఒక విమానం దిగుతూ మా నెత్తి మీదికి వచ్చింది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లం అక్కడ చాలామందిమే ఉన్నాం. ఒక్కరూ నోరు తెరవలేదు. చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి, అలాగే నిలబడ్డాం. పాస్టర్ గారు ఈ ఊరికి కొత్త. మా మౌనాన్ని మొహమాటం అనుకున్నట్టున్నారు. బైబిల్ మూసి, మట్టి వేయమని పక్కనున్న పెద్దాయనకు సైగ చేయబోయారు.

"అయ్యగారూ, జర ఆగుండ్రి," అన్నాడు నా పక్కనున్న సాయిలు. పదో తరగతిలో నా బెంచీవాడు, ఇప్పుడు విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. "చెప్తం. విమానం పోనీయుండ్రి."

మోత పూర్తిగా తగ్గింది. అప్పుడు ఒక్కసారే ఎన్నో చేతులు లేచాయి, క్లాసులో లేచినట్టే. ఎవరిని ముందు పిలవాలో పాస్టర్ గారికి తెలియలేదు.

నేనూ చెయ్యి ఎత్తాను. నా వంతు వచ్చినప్పుడు మాత్రం సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ఆమె జీవిత చరిత్ర నా దగ్గర లేదు. ఎక్కడ పుట్టారో, ఏ కాలేజీలో చదివారో, పెళ్లెందుకు చేసుకోలేదో తెలియదు. పేరు తెలుసు గానీ రాయను. మా వైపు 'టీచర్' అంటే చాలు, ఒక్కో వీధిలో ఇద్దరేసి టీచర్లున్నా అందరికీ ఈమే గుర్తొచ్చేవారు. తెలియని వాటి జాబితా వేస్తే అది తెగదు కాబట్టి నేను చూసినవీ విన్నవీ మాత్రమే చెప్తాను.

చూసినవాటిలో మొదటిది హెల్మెట్. స్కూటీకి స్టాండు వేసి, హెల్మెట్ తీయకుండానే వరండా అంతా నడిచి, క్లాసులోకి వచ్చి, బోర్డు మీద ప్రశ్న రాశాక తీసేవారు. రెండోది పాత పౌడర్ డబ్బా. అందులో సొంత సుద్దముక్కలు ఉండేవి. బడి సుద్దలు మధ్యలో విరుగుతాయనీ, లెక్క నడుమ సుద్ద విరిగితే ఆలోచన కూడా విరుగుతుందనీ ఆమె ఫిర్యాదు. మూడోది కొంగు మీద తెల్లటి అరచేయి ముద్ర. అది ఎప్పుడు పడేదో ఎవరమూ చూడలేదు, కానీ రెండో పీరియడ్ కల్లా ఉండి తీరేది.

ఇక ఆమె పద్ధతి. దాన్ని అర్థం చేసుకోవాలంటే గాలి దిక్కు తెలియాలి.

మా బడి శంషాబాద్ అంచున, రన్‌వేకి పడమటి వైపు ఉండేది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా పైకి లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. పుస్తకంలో ఇది తర్వాతెప్పుడో చదువుకున్నాను గానీ మాకు బడిలోనే తెలుసు. పడమటి గాలి వీచే వానాకాలంలో విమానాలు మా మీదుగా ఎక్కేవి. చలికాలంలో మా మీదుగా దిగేవి. ఎక్కేదాని మోత సాగుతుంది, కిటికీ రెక్కలు అదురుతాయి. దిగేదాని మోత తొందరగా తెగిపోతుంది. మిగతా టీచర్లకు ఇదంతా పెద్ద పరేషాన్. పాఠం మధ్యలో ఆపి, విసుక్కుని, మళ్లీ మొదటికి వచ్చేవారు. ఈమె ఒక్కరే ఆ మోతను పనిలో పెట్టుకున్నారు.

మా క్లాసుకు వచ్చిన మొదటి రోజే ప్రశ్న రాసి హెల్మెట్ తీస్తుండగా, ముందు బెంచీలో ఒకడు జవాబు అరిచాడు. ఆమె వాడి వైపు చూడనైనా చూడలేదు. చెయ్యి పైకెత్తి, "విమానం పోనీ," అన్నారు. మేము కిటికీ వైపు చూశాం. ఆకాశంలో ఏమీ లేదు. ఆమె చెయ్యి దించలేదు. కొంతసేపటికి ఒకటి వచ్చింది, పోయింది. అప్పుడు చివరి బెంచీని అడిగారు.

అదే నియమం. ప్రశ్న వేసిన తర్వాత ఒక విమానం వచ్చి పోయేదాకా ఎవరూ జవాబు చెప్పకూడదు. వెంటనే తట్టినవాడు నోరు మూసుకుని ఇంకో దారిలో చేసి చూడాలి. తట్టనివాడికి మోత పోయేదాకా హక్కుంది, ఆ సమయాన్ని వాడి దగ్గర నుంచి ఎవరూ గుంజుకోకూడదు. మొదట అరిచినవాడు ఒకరోజు అలిగి, "నాకు ఫస్టే వచ్చింది టీచర్," అన్నాడు. "ముందుగాల వచ్చింది, గంతే," అన్నారామె. "ముందుగాల వచ్చుడు వేరు, వచ్చుడు వేరు."

ఆమె క్లాసులో రెండు మాటలకు చోటు లేదు. ఒకటి 'మొద్దు'. ఇది ఎవరైనా ఊహించగలరు. రెండోది 'తెలివి'. రెండింటికీ శిక్ష ఒకటే. "వాడు తెలివైనోడు టీచర్" అన్నా, "వీడు మొద్దు టీచర్" అన్నా, అన్నవాడిని బోర్డు దగ్గరికి పిలిచి, ఎవరిని అన్నాడో వాళ్లు చేసిన లెక్క చూపించి, "ఏ లైన్ల కనబడ్డది నీకు?" అని అడిగేవారు. లెక్కలో ప్రతి లైను కింద వేలు పెట్టి వెతకాలి. మొదటి లైన్లో ఇచ్చినవి రాసుకున్నాడు, రెండో లైన్లో సూత్రం రాశాడు, మూడో లైన్లో గుర్తు మార్చడం మరిచాడు. తెలివి ఏ లైన్లోనూ కనబడేది కాదు. మొద్దుతనమూ కనబడేది కాదు. చివరికి, "మూడో లైన్ల మైనస్ మర్చిండు టీచర్" అని ఒప్పుకుని కూర్చునేవాళ్లం. "ఆఁ, గట్ల చెప్పు. మైనస్ అయితే నేను దిద్దిస్త. మొద్దును ఎట్ల దిద్దాలె?" అనేవారు.

ఇది మాకెందుకు అంత కొత్తగా ఉండేదంటే, మా బడి మమ్మల్ని అప్పటికే తూచి పెట్టేసింది. పై అంతస్తులో మంచి మార్కుల వాళ్ల సెక్షన్. వాళ్లకు ఫ్యాన్లు, టై, విడిగా అచ్చేసిన మెటీరియల్. కింద, జనరేటర్ గది పక్కన మేము. ఎనిమిదిలో కిందికి దిగినవాడు పదిలో పైకి ఎక్కినట్టు ఎవరూ వినలేదు. మా అమ్మానాన్నలకు కూడా అది డాక్టర్ చెప్పిన మాటలాగే ఉండేది. వీడి రక్తం ఈ గ్రూపు, వీడి తలకాయ ఈ సెక్షన్.

ప్రతి ఏటా పదో తరగతి పరీక్షకు ముందు ఇంకో వడపోత జరిగేది. బడి తన పిల్లల పేర్లు బోర్డుకు పంపాలి. తప్పుతారని అనుమానం ఉన్నవాళ్ల పేర్లను చడీచప్పుడు లేకుండా వేరే ఏదో బడి పేరు మీద పంపేవారు. అప్పుడు గేటు మీద 'నూటికి నూరు శాతం' అని ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. ఆ పిల్లలు ఇక క్లాసుకు రానక్కర్లేదు. నా విషయంలో దాని అర్థం ఒకటే. మా నాన్న నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. గగన్‌పహాడ్‌లో ప్లాస్టిక్ బకెట్లు చేసే కంపెనీలో నాకోసం అప్పటికే మాట్లాడి ఉంచాడు. క్లాసు ఆగితే నా చదువూ అక్కడితో ఆగినట్టే.

నవంబర్‌లో ఒక మధ్యాహ్నం కరస్పాండెంట్ సార్ మా క్లాసుకు వచ్చారు. బడి ఆయనదే. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు, స్వీపరును కూడా 'గారూ' అనేవారు. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"టీచర్ గారూ, ఈ కొద్దిమందిని వేరే బడి పేరు మీద రాయిద్దామండీ. వాళ్లకూ ఒత్తిడి ఉండదు, మనకూ ఉండదు."

"ఎవర్ని సార్?"

ఆయన చదివారు. మొదటి పేరు నాదే.

"ఏం జూసి రాసిండ్రు సార్?"

"క్వార్టర్లీ మార్కులమ్మా."

"అవి సెప్టెంబర్ సంగతి గద సార్. ఇప్పుడు నవంబర్ నడుస్తుంది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సార్ కూడా నవ్వారు. "సరే, ఇప్పుడే చూద్దాం. నేనే ఒక ప్రశ్న అడుగుతాను. చెప్పగలిగితే ఈ పేర్లన్నీ ఉంచేద్దాం. న్యాయమే కదమ్మా?" నా వైపు తిరిగారు. "లే బాబూ. ఒక గోళం ఉంది. దాని వ్యాసార్థం రెట్టింపు చేస్తే ఘనపరిమాణం ఎన్ని రెట్లవుతుంది?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పేవాడినో నాకే తెలియదు. అంతలో టీచర్ చెయ్యి పైకి లేచింది.

"జర ఆగు. సార్, విమానం రానీయుండ్రి."

"ఏ విమానమమ్మా?"

"ఏదైనా సరే సార్. వచ్చి పోవాలె. అప్పుడే చెప్తరు. మా క్లాస్ కాయిదా."

"ఇప్పుడు విమానమేదీ లేదు కదమ్మా."

"వస్తది సార్. కూసోండ్రి." ఆమె తన కుర్చీ జరిపి, కొంగుతో దులిపి, ఆయన ముందు పెట్టారు.

ఆయనకు ఏం చేయాలో తోచలేదు. కూర్చున్నారు. టీచర్ గోడకు ఆనుకుని నిలబడ్డారు, చెయ్యి అలాగే పైకెత్తి. నేను నిలబడే ఉన్నాను. బయట జనరేటర్ కూడా ఆగి ఉంది. ఎప్పుడూ లేనిది, ఆ రోజు ఆకాశం ఖాళీగా ఉంది.

"అరేయ్," సాయిలు నా మోచేతి కింద నుంచి గొణిగాడు, "ఆరాంఘర్ చౌరస్తా కాడ ట్రాఫిక్ జామ్ అయినట్టుందిరా విమానాలకు."

"సాయిలూ," అన్నారు టీచర్ అటు చూడకుండానే, "నువ్వు గుడ ఆలోచించు. రెండో పేరు నీదే."

సాయిలు పెన్ను అందుకున్నాడు. సార్ వాచీ చూసుకున్నారు, కాగితం విప్పి మడిచారు. "టీచర్ గారూ, నాకు పైన మీటింగ్ ఉందండీ," అన్నారు. "పోయి రాండ్రి సార్. మేం గిట్లనే ఉంటం," అన్నారామె. ఆయన వెళ్లలేదు.

చివరికి ఒకటి వచ్చింది. దిగే విమానం. మోత వచ్చినంత తొందరగా పోయింది. చెయ్యి దిగింది.

"నాలుగు రెట్లు సార్," అన్నాను.

సార్ నిట్టూర్చారు. ఎగతాళి ఏమీ లేదు ఆ ముఖంలో, నిజంగానే జాలి ఉంది. అది ఇంకా కష్టంగా అనిపించింది. "చూశారా అమ్మా," అన్నారు.

టీచర్ బోర్డు మీద పెద్దగా నాలుగు వేసి, దాని చుట్టూ డబ్బా గీశారు. మాకు ఆ డబ్బా బాగా తెలుసు. ఆమె తప్పు జవాబును ఎప్పుడూ చెరిపేవారు కాదు. డబ్బా గీసి, అది ఏ ప్రశ్నకు సరైన జవాబో కనిపెట్టమనేవారు. ఏ జవాబూ ఊరికే పుట్టదు, ఎక్కడో ఒక ప్రశ్న విని వస్తుంది, ఆ ప్రశ్నను పట్టుకుంటే చాలు అనేది ఆమె నమ్మకం.

"ఇది దారి తప్పొచ్చిన జవాబు సార్. దీనిది ఏ ప్రశ్ననో ఆన్నే చెప్పనీయుండ్రి." నా వైపు చూసి, "చెప్పకు. విమానం పోనీ," అన్నారు.

"మళ్లీనా!" అన్నారు సార్.

మొదటి విమానం వచ్చేదాకా నా తలలో గగన్‌పహాడ్ ఉంది, బకెట్లు ఉన్నాయి, నాన్న ఉన్నాడు. రెండోదాని కోసం ఆగుతున్నప్పుడు బంతి ఒక్కటే ఉంది. చిన్న బంతి, పక్కన పెద్ద బంతి. పెద్దదానికి రంగు వేస్తే ఎంత రంగు పడుతుంది? నాలుగంతలు. అది నాకు తెలుసు, అందుకే నోటికి నాలుగు వచ్చింది. మరి బంతిని కోసి, బొక్కెనలా పట్టుకుని నీళ్లు పోస్తే?

విమానం పోయింది.

"టీచర్, నాలుగు పైన రంగుకు. ఉపరితల వైశాల్యంది ఆ జవాబు. లోపల నీళ్లకైతే ఎనిమిది."

"ఎందుకు?"

"పొడుగుల రెట్టింపు, ఎడల్పుల రెట్టింపు, లోతుల గుడ రెట్టింపు."

ఆమె శభాష్ అనలేదు. ఎవరినీ ఎప్పుడూ అనలేదు. నాలుగు పక్కన ఎనిమిది వేసి, రెండింటి మీదా వాటి వాటి ప్రశ్నలు రాశారు.

సార్ లేచి కాగితం జేబులో పెట్టుకున్నారు. మాట మీద నిలబడే మనిషే. "ఉంచుదామమ్మా. కానీ ఒక్కటి. పరీక్ష హాల్లో విమానం కోసం ఎవరూ ఆగరు. గంట కొడితే పేపరు లాక్కుంటారు."

"ఎరుకే సార్."

"వీళ్లలో ఒక్కరు తప్పినా ఆ మాట ఎవరు పడాలి?"

"నేనే పడత సార్."

ఆ ఏడు కింది సెక్షన్‌లో తప్పింది నేనొక్కడినే. లెక్కల్లోనే. సాయిలు పాసయ్యాడు. గేటు మీద ఫ్లెక్సీ కట్టలేదు. వచ్చే ఏడు రానక్కర్లేదని టీచర్‌కు చెప్పేశారు.

ఫలితాలు వచ్చిన మరుసటి రోజు ఆమె మా ఇంటికి వచ్చారు, హెల్మెట్ తోనే. మా అమ్మ ఆమెను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా పోరని వల్ల మీ నౌకరి పాయె టీచర్."

"నౌకరి ఇంకోటి దొరుకుతది అక్కా. సప్లిమెంటరీ ఆగదు. చాయ్ వద్దు, నీళ్లియ్యి."

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "టీచర్, మీరు మంచి జెయ్యబోయిండ్రు, గని వద్దు ఇగ. మా ఇంట్ల ఎవ్వరికీ లెక్కలు ఎక్కలే. ఆని తలకాయ గంతే. సోమారం నుంచి కంపెనీల కలుస్తడు."

ఆమె హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "అన్నా, నీకు ట్యాంకర్ రివర్స్ కొట్టుడు మొదటి దినమే వచ్చిందా?"

నాన్న ఆ ప్రశ్న ఊహించలేదు. "యాడొస్తది టీచర్? జల్‌పల్లిల ఒకామె ప్రహరీ గోడ గూల్చిన. ఆ గోడ గట్టకముందే ఇంకో గల్లీల ఇంకోటి."

"మరి మీ ఓనర్ ఏమన్నడు?"

"ఏమంటడు, తిట్టిండు. మస్తు తిట్టిండు."

"తాళంచెవి గుంజుకున్నడా?"

నాన్న గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "లే," అన్నాడు. "గుంజుకోలే."

"నువ్వు గుడ తిట్టన్నా. తాళంచెవి మాత్రం పరీక్షదాక ఆని చేతుల ఉండనియ్యి."

ఆ తర్వాత ఆమె నా వైపు తిరిగారు. నా మార్కు నేల మీద వేలితో రాసి, చుట్టూ డబ్బా గీశారు. అది ఏ ప్రశ్నకు జవాబో అడగనక్కర్లేదు. మా ఇంటి మీదుగా కూడా విమానాలు పోతాయి. ఒకటి పోయేదాకా ఆగి, హాల్లో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. రాసినవన్నీ ఒప్పులే. ఒక్కో లెక్క ముందూ అలవాటు కొద్దీ ఆగుతూ పోయాను. గంట కొట్టేసరికి చివరి పేజీలు తెల్లగా ఉన్నాయి.

"అంటే టీచర్, ఈ మార్కు 'ఎంత వచ్చు' అన్నదానికి గాదు. 'ఎంత జల్ది వచ్చు' అన్నదానికి."

ఆమె తల ఊపారు. తర్వాత అన్న మాటను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "గది నీకు నేర్పలే నేను. నిదానమే నేర్పిన. జల్ది చేసుడు నేర్పుడు నాకు గుడ చేతగాలే ఇన్ని రోజులు. ఇగ ఇద్దరం నేర్చుకుందం."

పిల్లలకు 'ఇంతే' అని గిరి గీయొద్దు అనేవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. తన బోధనకు కూడా గిరి గీసుకోకుండా, నా పద్ధతిలో ఈ లైను తప్పు అని విద్యార్థి ముందు వేలు పెట్టి చూపించినవారిని ఇంకెవరినీ చూడలేదు.

ఆ ఎండాకాలం ఆమె ఇంటి మిద్దె మీది గదిలో గడిచింది. మొదట గడియారం పెట్టి చేయించారు. నా కళ్లు లెక్క మీద కాక ముల్లు మీదే ఉండేవి, గడియారం లోపలికి వెళ్లిపోయింది. తర్వాత చివరి ప్రశ్న నుంచి వెనక్కి చేయించారు. అది కొంత నయం, కానీ చాలదు. ఆ తర్వాత తన నియమాన్నే తిరగేశారు. ఇన్నాళ్లూ మోత పోయేదాకా రాయొద్దు. ఇప్పుడు మోత వినబడగానే పెన్ను కదలాలి, అది పోయేలోపు మొదటి రెండు లైన్లు కాగితం మీద ఉండాలి. ఆమె కూడా పక్కన కూర్చుని నాతో పాటే చేసేవారు. చాలాసార్లు ఆమే వెనకబడేవారు. "నేను ఓడిన. ఇంకోటి రానీ," అనేవారు, దాచుకోవలసిన ఓటమి కాదన్నట్టు.

సప్లిమెంటరీ దగ్గరపడేసరికి గాలి మారింది. విమానాలు దిగడం మాని ఎక్కడం మొదలుపెట్టాయి. మోత సాగింది. నాకు సమయం దొరికినట్టయి సంబరపడ్డాను. "గాలిని నమ్ముకోకు," అన్నారామె. "కిటికీ అదురుడు ఆగేలోపు అయిపోవాలె." అయ్యేది. మొదట అప్పుడప్పుడు, తర్వాత తరచుగా, ఆఖరికి ఎన్నిసార్లు అయిందో లెక్కపెట్టడం మానేశాం.

పాసయ్యానని చెప్పడానికి పరుగెత్తుకుంటూ వెళ్తే ఆమె అడిగింది ఒక్కటే. "ఏ ప్రశ్న కాడ ఎక్కువసేపు ఆగినవ్?"

ఆమె గురించి ఇంకో సంగతి చెప్పాలి. అది బడికి సంబంధించింది కాదు. జుట్టు నెరిసే వయసులో ఆమె చర్చిలో కీబోర్డు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం ఒకటే పాట, ప్రతిసారీ ఒకటే చోట వేళ్లు తడబడేవి. పాడేవాళ్లు అక్కడికి రాగానే ముందే ఆగిపోయి, ఆమె దాటాక అందుకునేవారు. మా సాయిలు ఆ తడబాటు వినడానికే ఒక ఆదివారం చర్చి కిటికీ దగ్గర నిలబడి, దొరికిపోయాడు. "నవ్వుకో," అన్నారట, "ఏ నోటు కాడ తప్పుతున్ననో చెప్పి నవ్వుకో." ఏళ్ల తర్వాత నేను ఒకసారి వెళ్లాను. ఆమె వాయిద్యం అప్పటికీ వినసొంపుగా ఏమీ లేదు. కానీ ఆ చోట ఆగలేదు. పాడేవాళ్లు మాత్రం పాత అలవాటుతో ఆగిపోయారు.

నేను ఇప్పుడు విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో టెక్నీషియన్‌ని. మా దగ్గర కొన్ని భాగాలకు ఆయుష్షు రాసి ఉంటుంది, ఇన్ని గంటలు ఎగిరాక తీసి పారేయాలి అని. ఆ అంకెను ఎవరూ ప్రశ్నించరు, ప్రశ్నించకూడదు కూడా. లోహానికి అది న్యాయమే. అయితే కొత్తగా చేరిన పిల్లలకు పరీక్ష పెట్టేటప్పుడు కూడా కొందరు సీనియర్లు ఆ అలవాటే చూపిస్తారు. ఒక ప్రశ్న, ఒక చూపు, 'పనికిరాదు' అని ఒక టిక్కు. ఆ కాగితం నా చేతికి వచ్చిన ప్రతిసారీ నేను, "సార్, ఏ లైన్లో కనబడింది?" అని అడుగుతాను. నన్ను చాదస్తుడు అంటారు. అననీ. మళ్లీ పరీక్ష పెట్టించేదాకా కాగితం మీద సంతకం చేయను.

టీచర్‌కు పక్షవాతం వచ్చిందని సాయిలు చెప్పినప్పుడు వెళ్లాను. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయి, అందులో కొంత తిరిగి వచ్చింది. చెల్లెలు వచ్చి చూసుకుంటోంది. మంచి మనిషి, అక్క అంటే ప్రాణం. దవాఖానలో జరిగింది ఆమే చెప్పింది. ఆరు నెలల్లో ఎంత వస్తే అంతే, ఆ తర్వాత ఇక రాదని డాక్టర్ అన్నాడట. అక్క మంచం మీద నుంచి ఎడమ చెయ్యి చాపి, ఆయన చేతిలోని స్కాన్ కాగితం చూపించి, ఎంతో కష్టపడి ఏదో అడిగిందట.

"ఏందో 'ఏ లైన్ల' అన్నది బాబూ. డాక్టర్‌కు సమజ్ గాలే. మాకు గుడ సమజ్ గాలే."

నాకు నవ్వొచ్చింది. టీచర్ నన్నే చూస్తున్నారు. సగం ముఖం కదలదు, కదిలే సగంతో నవ్వారు.

ఆమె ఏదో చెప్పబోయారు. "నీ..."

"నీళ్లా అక్కా?" చెల్లెలు గ్లాసు అందుకుంది.

"నీ..."

"నిద్రొస్తుందా? పండుకుంటవా?"

దుప్పటి మీద ఎడమ చెయ్యి కొంచెం లేచింది. ఆ చెయ్యిని నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

"చిన్నమ్మా," అన్నాను, "జర విమానం పోనీయుండ్రి."

చెల్లెలు నా వైపు వింతగా చూసింది. గ్లాసు పట్టుకునే ఆగింది. ఒకటి వచ్చింది, కిటికీ రెక్కలు అదిరాయి, పోయింది.

"నీ... డ్యూటీ... ఎట్లుంది?" అన్నారు టీచర్.

చెల్లెలు గ్లాసు కింద పెట్టి, మంచం అంచున కూర్చుండిపోయింది.

డ్యూటీ గురించి చెప్పాను. హ్యాంగర్, సీనియర్లు, టిక్కులు, అన్నీ. తర్వాత ఎన్నో ఏళ్లుగా అడగాలనుకున్నది అడిగాను. "టీచర్, ఆ రోజు కరస్పాండెంట్ సార్ ముందు, రెండో విమానం పోయినంక గుడ నాకు జవాబు రాకపోతే ఏం చేస్తుంటిరి?"

ఆమె కళ్లు మూసుకున్నారు. మేము ఆగాం. విమానం వచ్చి పోయింది. పెదాలు కదిలాయి.

"బడి..." అన్నారు. వెంటనే తల అడ్డంగా ఊపారు. అనుకున్న మాట అది కాదు. ఎడమ చూపుడు వేలు లేపి, గాలిలో ఆ మాట చుట్టూ వంకరటింకరగా ఒక డబ్బా గీశారు. కింది గీత గీయడానికి చాలాసేపు పట్టింది. చెల్లెలు సాయానికి చెయ్యి చాపి, తనే వెనక్కి తీసుకుంది.

"ఇంకోటి... పోనీ."

ఆ సాయంత్రం విమానాలు ఎడం ఎడంగా వస్తున్నాయి. ముగ్గురం ఎదురుచూశాం. ఎవరం తొందరపడలేదు. చివరికి దూరం నుంచి చప్పుడు మొదలైంది, పెరిగింది, మా మీదుగా సాగి, పూర్తిగా పోయింది. టీచర్ కళ్లు తెరిచారు.

"గిట్లనే... కూసుంటుంటిమి," అన్నారు.